ధర్మసంకటము

మన యిండ్లలో నేడు మిక్కిలి చౌకయైపోయిన మాటలలో ధర్మసంకటము ఒకటి. ఒకే ముహూర్తమునకు రెండు పెండ్లి పిలుపులు వచ్చిన గృహస్థు తాను ధర్మసంకటమున బడితిననును. చేబదులడిగిన చుట్టమునకు లేదనలేక, ఈయ మనసొప్పక తల గోకికొనువాడును ఆ మాటయే యనును. తప్పని తెలిసి తెలిసి యొక పనికి పూనుకొనుచు, ఆ తప్పు తనది కాదనిపించుకొన గోరువాడు మరింత గట్టిగా ఆ మాటయే యనును. మొదటి యిద్దరితో మాకు తగవు లేదు. ఈ మూడవవానిని గూర్చియే మా యీ వ్యాసము.

ఈ మాటను గూర్చి మేమింతగా తలపోయుటకు కొన్నియేండ్ల క్రిందట జరిగిన యొక సంగతి కారణము. పాతబస్తీలో మేము పాఠము చెప్పు బడిలో పదవ తరగతి బాలిక యొకతె సాయంకాలము అందరును పోయిన పిమ్మట నిలిచి, "ఎవ్వరికీ చెప్పకుండ్రి సార్" అని ముందుగా మాట తీసికొని, పరీక్షలు కాగానే తనకు పెండ్లియని చెప్పెను. వరుడు మేనత్త కొడుకు. ఆ పిల్లకు పదునారేండ్లు నిండలేదు. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయరాదని 2006 నాటి చట్టము శాసించుచున్నది. అట్టివారికై యేర్పడిన 1098 అను ఫోను సంఖ్య మా బడి గోడమీదనే పెద్దయక్షరములతో వ్రాసి యున్నది. మేము మాత్రము మూడు దినములు నోరు మెదపలేదు. ఒక ప్రక్క ఇచ్చిన మాట, మరియొక ప్రక్క పిల్ల బ్రదుకు. ఇది ధర్మసంకటమని మాలో మేమే చెప్పుకొని తృప్తి పడితిమి. ఆ మూడు దినములలో మేము చేసిన పని యంతయు ఆ మాటను తలచుకొనుటయే. తరువాత జరిగినది కడపట చెప్పెదము. ముందు ఆ మాట యెక్కడిదో విచారింతము.

సంకటము సంస్కృతపదము. పాణిని తన యష్టాధ్యాయిలో అయిదవ యధ్యాయపు రెండవ పాదమున సం, ప్ర, ఉత్, వి అను నుపసర్గలపై 'కటచ్' అను ప్రత్యయమును విధించెను. అందువలన సంకటము, ప్రకటము, ఉత్కటము, వికటము అను నాలుగు మాటలును ఒక తల్లి బిడ్డలు. బయలుపడినది ప్రకటము, మితిమీరినది ఉత్కటము, తీరు తప్పినది వికటము, నలుప్రక్కల నుండి దగ్గరకు వచ్చి మూసికొన్నది సంకటము. దీనికి ముందటి సూత్రముననే విశాలమను మాట సిద్ధించుట గమనింపదగినది. వెడల్పును ఇరుకును వ్యాకరణమున ఇరుగుపొరుగులైనవి. అమరసింహుడును సంకటమునకు సంబాధమని పర్యాయము చెప్పెను. సంబాధమన కిక్కిరిసిన చోటు. కాబట్టి ఆదియందు సంకటము నొప్పి కాదు, వెత కాదు. అది యొక చోటు. ఇరుకైన చోటు. ఆ చోట నిలిచినవానికి కలుగు బాధకు ఆ చోటి పేరే పిమ్మట వచ్చినది.

ఇట్లు చోటి పేరు బాధకు వచ్చుట ఒక్క సంస్కృతమునకే చెల్లలేదు. మన తెలుగులో ఇరుకునుండి ఇరకాటము పుట్టినది. లాటినులో ఇరుకునకు గల పేరునుండియే ఆంగ్లేయులు తీవ్రవేదనకు వాడు 'ఆంగ్విష్' అను మాట వచ్చినది. అంత దూరము పోనేల? 1591లో చార్మినారును నిలిపినవారు దాని నాలుగు కమానులకెదురుగ నలుదిక్కులకును వెడల్పైన వీథులు దీసిరి. శాలిబండ వైపుగాని లాల్‌దర్వాజా వైపుగాని ఆ వీథులను విడిచి లోనికి మరలిన చాలును, త్రోవ సన్నగిలును. ఉర్దూ మాటలాడు మా పొరుగువారు అట్టి దానిని తంగ్ గల్లీ యందురు. తంగ్ అన పారసీకమున ఇరుకు. ఆ తల్లులే అల్లరి పెట్టు పిల్లవానిని "తంగ్ మత్ కరో" యని కసరుదురు. ఇరుకును వేధింపును ఒక్క మాటలో నిమిడినవి.

అట్టి గల్లీలో రెండు తోపుడుబండ్లు ఎదురుపడుటను మేము నిత్యము చూచుచుందుము. ఒకటి కూరగాయలది, ఒకటి బట్టలది. రెంటికిని ఆ త్రోవను నడచు హక్కు గలదు. రెండును న్యాయముగనే వచ్చినవి. చిక్కంతయు అందుచేతనే. వానిలో నొకటి రాగూడని బండియైనచో చిక్కే లేదు. దానిని వెనుకకు పొమ్మనవచ్చును. ధర్మసంకటమను సమాసము యొక్క గుట్టంతయు ఈ గల్లీలో నున్నది. ఒకే ఇరుకు త్రోవలో రెండు ధర్మములు ఎదురెదురుగ వచ్చి నిలుచుటయే ధర్మసంకటము. రెండవది ధర్మము కానిచో అది మరియొకటి యగును గాని ధర్మసంకటము కానేరదు.

కష్టమైన యెంపికకు మనకు వేరు మాటలును చాల గలవు. అడకత్తెరలో పోకచెక్క యందుము. ముందు నుయ్యి, వెనుక గొయ్యి యందుము. విడువుమన్న పామునకు కోపము, కరువుమన్న కప్పకు కోపమందుము. శాస్త్రజ్ఞులు రెండు కొనల నుచ్చుగల త్రాడు వంటిదని 'ఉభయతః పాశారజ్జువు' అను న్యాయమును చెప్పుదురు. ఉర్దూలో కష్మకష్ అను మాట కలదు. అది అటును ఇటును లాగుటను దెలుపు మాట. గ్రీకులు 'డైలెమా' యనిరి. వారికది తర్కశాస్త్రపు మాట. ఏ వైపు ఒప్పుకొన్నను ప్రతివాది యోడిపోవునట్లు రెండు ప్రతిజ్ఞలను ముందుంచు వాదము దాని మొదటి యర్థము. వీనియన్నిట నొక పోలిక గలదు. ఇరువైపులను గల అపాయమునే యివి చెప్పును. పోకచెక్కకు తెగుదునను భయమే గాని, చేయవలసిన పని యేమియు లేదు. ధర్మసంకటమొక్కటియే ఇరువైపులను గల కర్తవ్యమును చెప్పును. తక్కిన మాటలు 'నాకేమగును?' అని యడుగును. ఈ మాట 'నేనేమి చేయవలెను?' అని యడుగును. ఇంతటి భేదమును మరచి దానిని చేబదుళ్లకును విందు పిలుపులకును వాడుట, బంగారపు తూకపురాళ్లతో ఉల్లిగడ్డలు తూచుట వంటిది.

ఈ సమాసము స్పష్టముగ కనబడు ప్రాచీనస్థలములలో నొకటి భాగవతము నవమస్కంధములోని యంబరీషోపాఖ్యానము. పోతన చేతిలో తెలుగైన ఆ కథ మన ముసలమ్మలకు సైతము తెలిసినదే. కాని ఈ కన్నుతో నొకమారు మరల చూడదగియున్నది. అంబరీషుడు ఏడాది ద్వాదశీవ్రతము నడపి, కడపట కార్తికమున మూడు రాత్రులు ఉపవసించి, పారణకు సిద్ధమయ్యెను. అంతలో దుర్వాసుడు అతిథియై వచ్చెను. భోజనమునకొప్పుకొని కాళిందికి స్నానమునకు పోయి నీటిలో ధ్యానమగ్నుడయ్యెను. ద్వాదశి యింక అరముహూర్తము మిగిలినది. అరముహూర్తమన ఒక ఘడియ, నేటి లెక్కకు 24 నిమిషములు. ఆ లోపల పారణ చేయనిచో వ్రతము చెడును. పిలిచిన యతిథి రాక ముందు భుజించినచో అతిథిధర్మము చెడును. మూలగ్రంథము సరిగ నీ చోటనే ధర్మసంకటమను మాటను వాడినది.

ఆ రాజేమి చేసెనో చూడుడు. మొదట ఒంటరిగ నిశ్చయింపక, తెలిసిన వారితో కూర్చుండి విచారించెను. రెండవది, ఆ ఇరుకులో సందు వెదకెను. కేవల జలపానము భుజించుటయు నగును, భుజింపకుండుటయు నగునను వేదవాక్యమును ఆశ్రయించి నీరు మాత్రము త్రాగి, ముని కొరకు కాచియుండెను. ఉన్న ఘడియను చింతతో జరుగనీయలేదు. మూడవది మిక్కిలి ముఖ్యము. ముని తిరిగివచ్చి, కోపించి, జటను బెరికి కృత్యను సృజించినప్పుడు, రాజు నిలిచిన చోటునుండి కదలలేదు. తన నిర్ణయము శాస్త్రసమ్మతమని వాదింపలేదు, ఫలమునకు తలయొగ్గెను. సుదర్శనచక్రము ముని వెంటబడగా, ఆ ముని మూడు లోకములు తిరిగి వచ్చుటకు ఏడాది పట్టెను. ఆ యేడాదియు రాజు నీటిపైననే యుండెను. తన వ్రతము నిలిచినది, అయినను అతిథికి లోపము జరిగినదను సంగతి యతడు మరువలేదు. రెండు ధర్మములలో నొకదానిని గొప్పగ నిలుపుకొన్నవాడు రెండవదానికి ఋణపడియే యుండునని ఆ ఏడాది చెప్పుచున్నది.

ఇక భారతమున సభాపర్వము. దానిని తెనిగించినవాడు నన్నయ. తన్ను తాను ఓడిన పిమ్మట ధర్మరాజునకు తన్ను ఒడ్డుటకు హక్కెక్కడిదని ద్రౌపది సభను అడిగెను. భీష్ముడు ధర్మము సూక్ష్మమనియు, తాను విడమరచి చెప్పజాలననియు పలికెను. ధర్మము సూక్ష్మమనుట అబద్ధము కాదు. కాని ఆ నిండుసభలో ఆ సత్యము చేసిన పని యేమి? తలవంచుకొనుటకు తగిన మాటనిచ్చుటయే. కౌరవులలో చిన్నవాడగు వికర్ణుడు లేచి ఆమెను గెలిచినట్లు కాదని చెప్పగలిగెను. వానికి భీష్ముని చదువు లేదు; అందుచేత సంకటమును లేకపోయెను. చదువుకొన్నవారమగు మనవంటివారికి ఈ ఘట్టము చేదుగ నుండవలెను. ధర్మసూక్ష్మము తెలిసినకొలది దాని వెనుక దాగుటకును చోటు పెరుగును.

పురాణములనుండి మన నగరమునకు వత్తము. 1921 నవంబరు 12వ తేదీన హైదరాబాదులో మూసీకి అవతలనున్న వివేకవర్ధని నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. వితంతువుల పక్షము వహించి, స్త్రీవిద్యకై 1916లో విశ్వవిద్యాలయమును స్థాపించిన కార్వే పండితుడు అగ్రాసనాధిపతి. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగా కొందరు చప్పట్లు చరచి గేలిచేసిరి. సభలోని తెలుగువారికి అప్పుడు వచ్చినది నిజమైన ధర్మసంకటము. కూర్చుండిరా, ఆ రాజ్యమున అధికసంఖ్యాకుల యింటి భాషకు జరిగిన యవమానమును సహించినట్లగును. లేచిపోయిరా, వితంతువులకును బాలికలకును మేలు గోరు సభను విడిచినట్లగును. రెండు బండ్లును న్యాయమైనవే.

వారు లేచిపోయిరి. కాని ఆ రాత్రియే కూడుకొని ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. అంతటితో నిలిచియుండినచో అది యభిమానమున కైన గాయమునకు మందు మాత్రమే యగును. వారు తాము విడిచివచ్చిన రెండవ ధర్మమును మరువలేదు. ఆ సంఘమునకు ప్రాణమైన మాడపాటి హనుమంతరావుగారు 1928లో నగరమున తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి యాంధ్రమహాసభ జరిగినప్పుడు, దాని వెంట నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. సభాభవనమును విడిచిరి గాని సంస్కారమును విడువలేదు. అంబరీషుని నీటిగ్రుక్క వంటిది వారు కనుగొన్న సందు. విడిచినదానికి తొమ్మిదేండ్లు ఋణము తీర్చుచు వచ్చిరి.

ధర్మసంకటమునకు ప్రక్కనే ప్రాణసంకటమను మాటయు మనకు గలదు. రెంటికిని భేదము తెలియవలెనన్న 1948 ఆగస్టును తలచుకొనవలెను. హైదరాబాదు భారతదేశమున చేరవలెనని 'ఇమ్రోజ్' అను ఉర్దూ దినపత్రికలో వ్రాయుచుండిన షోయబుల్లాఖాను ముప్పదియేండ్లైన నిండని యువకుడు, కుటుంబము గలవాడు. వ్రాయుట మానుమని బెదరింపులు వచ్చినవి. మానలేదు. ఆగస్టు 21వ తేదీ రాత్రి కార్యాలయమునుండి యింటికి పోవుచుండగా కాచిగూడలో దుండగులు అతనిని కాల్చి, చేతిని నరికిరి. నెల తిరుగకమున్నే, సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన సైనికచర్యతో ఆ రాజ్యము భారతదేశమున కలిసెను. ఒక ప్రక్క సత్యము, మరియొక ప్రక్క ప్రాణము నిలిచినచో దానికి ప్రాణసంకటమని పేరు. అక్కడ ఏది ధర్మమో సందేహము లేదు. దానికి చెల్లింపవలసిన వెల మాత్రమే పెద్దది. అయితే తన్ను నమ్మిన యింటివారిని కాపాడుటయు ధర్మమే కదా యని చదువరులడుగవచ్చును. నిజమే. అందుచే అతని యెదలో నున్నది ధర్మసంకటమో ప్రాణసంకటమో చెప్పుటకు బయటివారము మనము చాలము. వెల యెక్కువయని మానినవారిని సైతము మనము నిందింపజాలము. కాని ఎవనికి వాడు తనలో తాను ఈ రెంటిని వేరుచేసికొనవలసియే యున్నది. భయమునకు ధర్మమని పేరు పెట్టుకొన్నవాడు భయమును గెలువలేడు, ధర్మమును చేయలేడు.

ప్రాణసంకటమునకంటె మన యిండ్లలో ఎక్కువ కనబడునది వేరొకటి కలదు. దానికి లోకసంకటమని పేరు పెట్టుదుము. నలుగురేమందురోయను దిగులు అది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు, లోలోన మెచ్చుకొనియు వెలి భయముచే ఇంటనే యుండిపోయినవారు లేకపోలేదు. వారికి వితంతువు దుఃఖము తెలియును, శాస్త్రమును తెలియును. అడ్డు వచ్చినది బంధువుల పంక్తిభోజనము. నేడు వెలి లేదు. కాని కట్నమిచ్చువాడును పుచ్చుకొనువాడును, బిడ్డ చదువు మాన్పించువాడును, కులము కాని యల్లుని గుమ్మమెక్కనీయనివాడును ఆ పంక్తిభోజనమునకే వెరచుచున్నారు. వెరచితిమని యొప్పుకొన్నచో దిద్దుకొను దారి యుండును. ధర్మసంకటమన్నచో ఆ దారి మూసికొనును. ఏలయన ధర్మము తోడి తగవున ఓడినవానికి లోకము సానుభూతినే చూపును.

ఇక మా సంగతి. నాలుగవ దినమున మమ్ము మేమే గట్టిగ నడిగితిమి. మాట తప్పుట యొక దోషము, నిజమే. కాని మా నోరు కట్టివేసినది ఆ మాటయేనా? ఆ గల్లీలో ఇరువది యేండ్లుగా తిరుగుచున్నారము. ఆ తండ్రి తెలిసినవాడు. ఇంటి సంగతులలో పంతులు వేలు పెట్టెనని నలుగురును అందురు. త్రోవకడ్డముగ నిలిచిన రెండవ బండిలో నున్నది మా మొగమాటము. పైన కప్పిన గుడ్డ మాత్రము ఇచ్చిన మాట. అది తెలిసినంతనే సిగ్గుపడితిమి. ఆ బాలికను పిలిచి, ఆ మాట నిలుపలేమని ఆమెకే ముందు చెప్పితిమి. ఏడ్చినది. కొంతసేపటికి, "మా నాయనమ్మ ముందట చెప్పుండ్రి సార్, ఆమె మాట మా నాయిన వింటడు" అన్నది. ఇరుకులోని సందును మాకు చూపినది ఆ పిల్లయే.

ఆ సాయంకాలము వారి యింటికి పోతిమి. ఆ తండ్రి మంచివాడు. మంచినీళ్లిచ్చి కూర్చుండబెట్టి, సంగతి విని, "నాది ధర్మసంకటం సారూ! బావకు మాటిచ్చిన. మా అక్క పానం బాగలేదు, కండ్లముందట పెండ్లి చూడాల్నంటున్నది. నేనేం జెయ్యాలె?" అనెను. మాకు సభాపర్వము గుర్తుకు వచ్చినది. ఆ పిల్ల బ్రదుకును గూర్చి మాట యిచ్చుటకు ఆ పిల్ల గాక మరెవ్వరు కర్తలని యడిగితిమి. తనది కానిదానిని ఇచ్చెదనన్న మాట నిలుపుకొనవలసిన మాట కాదంటిమి. పెండ్లి నిలువనిచో 1098కి మేమే ఫోను చేసెదమని గూడ దాచక చెప్పితిమి. ముసలమ్మ చాలసేపు మాటలాడలేదు. తుదకు, "పిల్లను చదువుకోనియ్యి బిడ్డా" అని లేచి లోనికి పోయెను.

పెండ్లి ఆగినది. ఆ తండ్రి మాతో మాటలాడుటయు ఆగినది. ఆ పిల్ల ఇంటరు పూర్తిచేసి నేడు నర్సింగు చదువుచున్నది. కాని ఆ రోగిష్ఠి యక్క ఆ యేడే కన్నుమూసెను. తమ్ముని గుమ్మము మరల త్రొక్కలేదు. ఆమె కోరిక అన్యాయమైనది కాకపోవచ్చును. దానిని తీర్చుటకెన్నుకొన్న దారి అన్యాయమైనది. ఆ గల్లీలో ఆ తండ్రి మాకెదురుపడి మొగము త్రిప్పుకొని పోయినప్పుడెల్ల, చేసినది సరియేనను నమ్మకమును, ఆ మరణించిన యామెకు ఋణపడితిమను తలంపును రెండును మా వెంట నడచుచుండును.

కావున చదువరులకు మేము మనవి చేయునది యింతే. ఇక మీద ఈ మాట నోటికి వచ్చినప్పుడు, ఎదురుగ నిలిచిన రెండవది నిజముగ ధర్మమేనాయని ఒకమారు దాని మీది గుడ్డ తొలగించి చూడుడు. ధర్మమే యైనచో నలుగురితో నాలోచింపుడు, సందు వెదకుడు, చేసిన పిమ్మట విడిచినదానికి ఋణము తీర్చుడు. ధర్మము కానిచో ఆ మాటను తిరిగి గూటిలో పెట్టి చేయవలసిన పని చేయుడు. అంబరీషునకు దొరికినది ఒక్క ఘడియ. మేము మూడు దినములు వ్యర్థపుచ్చితిమి.